సీబవైహి

అరబ్బీ భాషకు తొలి మహావ్యాకరణమును రచించినవాడు అరబ్బు కాడు, పారసీకుడు. పండ్రెండు వందల సంవత్సరములకు పైగా అరబ్బులు తమ భాషలోని తప్పొప్పులను తేల్చుకొనుటకు ఏ గ్రంథమును ఆశ్రయించుచు వచ్చిరో, ఆ గ్రంథకర్త తన యౌవనమున ఆ భాషలో ఒక్క అచ్చును తప్పుగా పలికి గురువు ఎదుట తలవంచుకొన్నవాడే.

అతని అసలు పేరు అమ్ర్. తండ్రి ఉస్మాను, తాత కంబరు. లోకమునకు తెలిసిన పేరు మాత్రము సీబవైహి. పారసీకులు దీనినే సీబూయె అందురు. పారసీక భాషలో సీబు అనగా ఆపిలు పండు. తెలంగాణమున సేపుపండు అను మాట దీని నుండి వచ్చినదే. ఆ పేరునకు ఆపిలు సువాసన అని కొందరును, చిన్న ఆపిలు అని కొందరును అర్థము చెప్పుదురు. బుగ్గలు ఎఱ్ఱగా ఉండుటచే ఆ ముద్దుపేరు వచ్చినదని కూడ ఒక కథ కలదు. నేటి ఇరాను దేశమున షీరాజు నగరమునకు సమీపమున ఉన్న బైదా అను ఊర క్రీ. శ. 760 ప్రాంతమున అతడు జన్మించెనని చెప్పుదురు. అప్పటికి ఆ దేశము అరబ్బుల ఏలుబడిలోనికి వచ్చి నూరేండ్లు గడచినవి. చదువునకు, కొలువునకు, మతమునకు అన్నిటికిని అరబ్బీయే ద్వారము. ఆ ద్వారమును వెదకుకొనుచు ఆ బాలుడు బస్రా నగరమునకు చేరెను.

బస్రా ఆ కాలపు నగరములలో వింత నగరము. ఒక వైపు సముద్రమునకు దారితీయు నది, మరియొక వైపు ఎడారి. ఓడలలో హిందూదేశపు సరకులు దిగుచుండెను. ఎడారి నుండి ఒంటెలపై బెదూయీలు, అనగా గుడారములలో నివసించు అరబ్బులు, మిర్బదు అను సంతకు వచ్చుచుండిరి. ఒంటెల బేరములు జరుగు ఆ సంతలోనే కవులు నిలబడి పద్యములు చదువుచుండిరి. పండితులు కాగితమో తోలో చేతబట్టి వారి పలుకులను వ్రాసికొనుచుండిరి. ఎడారివాని నోట అరబ్బీ చెడక నిలిచియున్నదని అందరి నమ్మకము. నగరములలో పారసీకులు, అరమాయికులు, ఇంకను పెక్కు జాతులవారు చేరి మాటలాడుటచే భాష కలుషితమగుచున్నదని భయము. ఖురాను పఠనమున ఒక్క స్వరము మారినను అర్థము మారు ప్రమాదమున్నది గనుక ఈ భయము పండితులకు మాత్రమే పరిమితము కాలేదు. వ్యాకరణశాస్త్రము ఈ భయము నుండి పుట్టినది.

సీబవైహి మొదట వ్యాకరణము చదువదలచి రాలేదు. ప్రవక్త వాక్యములను, ధర్మశాస్త్రమును నేర్చుకొనుటకు హమ్మాదు అను గురువు కడ చేరెను. ఒకనాడు గురువు చెప్పుచుండగా ఒక వాక్యమున 'అబా' అని యుండవలసిన చోట అతడు 'అబూ' అని దిద్దెనట. దానికి ముందున్న పదము సామాన్యముగా కర్తృరూపమును కోరునది. అందువలన అతడు తొందరపడి కర్తృరూపమును పలికెను. అచ్చట మాత్రము ఆ పదము 'తప్ప' అను అర్థమున వచ్చినది. కనుక కర్మరూపమే సరియైనది. గురువు అది తప్పని అందరి ముందు చెప్పెను. ఇకమీదట ఎవ్వరును తన పలుకున తప్పు పట్టజాలని విద్యనే నేర్తునని శపథము చేసి అతడు ఆ పాఠము విడిచి వెడలెనని చరిత్రకారులు వ్రాసిరి.

ఒక్క అచ్చు మారుట అంత పెద్ద దోషమా యని మనకు తోచవచ్చును. తెలుగులో రాముడు రావణుని చంపెను అన్నను, రావణుని రాముడు చంపెను అన్నను చంపినవాడు రాముడే. 'ని' అను ప్రత్యయము రావణుని అంటిపెట్టుకొని యుండుటచే పదము ఎక్కడ నుంచినను చిక్కు లేదు. అరబ్బీలో ఈ పని చేయునది పదము చివర వినబడు చిన్న అచ్చు. 'ఉ' వినబడినచో కర్త, 'అ' వినబడినచో కర్మ, 'ఇ' వినబడినచో షష్ఠి వంటి సంబంధము. అయితే ఈ హ్రస్వాచ్చులను సాధారణముగా లిపిలో వ్రాయరు. చదువువాడే అర్థమును గ్రహించి వాటిని చేర్చుకొనవలెను. అనగా అరబ్బీ పుస్తకమును బిగ్గరగా చదువువాడు పదపదమునకును ఒక తీర్పు చెప్పుచు పోవలెను. ఆ తీర్పు తప్పినచో చంపినవాడు చచ్చినవాడగును.

హమ్మాదు పాఠశాలను విడిచిన సీబవైహికి దొరకిన గురువు ఖలీలు. అరబ్బీ విద్యాచరిత్రలో ఇంతటి బుద్ధిశాలి మరియొకడు లేడన్నచో అతిశయోక్తి కాదు. ఖలీలు బస్రాలో రెల్లు గుడిసెలో పేదరికమున కాపురముండెను. అహ్వాజు పాలకుడు తన కొలువునకు రమ్మని దూతను పంపగా, ఆయన లోపలి నుండి ఎండిన రొట్టె తెచ్చి చూపి, అది యున్నంతవరకు తనకు ప్రభువుతో పని లేదని చెప్పి పంపెనట. అరబ్బీ ఛందస్సును తొలిసారి శాస్త్రముగా కూర్చినది ఆయనయే. కంచరుల వీధిన పోవుచు సుత్తి దెబ్బల లయ విని ఆ ఊహ పొందెనని కథ. మనకు గురులఘువులు ఎట్లో అరబ్బీకిని అక్షరముల పొడుగు పొట్టి అట్లే. వాటి పొందికలను బట్టి ఆయన 15 వృత్తములను నిర్ణయించి వాటిని 5 చక్రములుగా అమర్చెను. యమాతారాజభానస అని మన బాలురు గణములను వల్లించినట్లు అరబ్బు బాలురు ఫఊలున్ మఫాఈలున్ అని వల్లింతురు. ఆ వల్లెయు ఖలీలు ఇచ్చినదే.

తొలి అరబ్బీ నిఘంటువునకును ఆయనయే మూలపురుషుడు. అందు అక్షరములను వాడుకలోని వరుసలో కాక, కంఠము అడుగు నుండి పెదవుల వరకు పుట్టుచోటులను బట్టి అమర్చెను. మన వర్ణమాలలో కవర్గము మొదలు పవర్గము వరకు ఉన్న వరుస గుర్తుకు రాక మానదు. ఈ పద్ధతి హిందూదేశము నుండి పోయినదేమో యని కొందరు విద్వాంసులు ఊహించిరి గాని, అందుకు నిలుచు సాక్ష్యము దొరకలేదు. చెవిని నమ్ముకొన్నవారికి రెండు దేశములందును ఒకే దారి కనబడి యుండవచ్చును.

ఆ ఖలీలు కడకు ఈ పారసీక యువకుడు వచ్చి కూర్చుండెను. తనకు విసుగు పుట్టింపని అతిథి యని గురువు అతనిని ఆదరించెడివాడట. మరియొకరిని అట్లు పిలుచుట ఎవరును వినలేదట. సీబవైహి అడుగుచుండును, ఖలీలు చెప్పుచుండును. యూనుసు మొదలగు ఇతర గురువులనుండియు అతడు నేర్చెను గాని, అతని గ్రంథమున ఖలీలు పేరు 600 సార్లకు పైగా వచ్చును. గురువు చెప్పినది తనదిగా చెప్పుకొనలేదు. గురువుతో సమ్మతింపని చోట ఆ మాటయు దాచలేదు.

అతడు తెలిసికొనగోరిన దేమి? పదములు వాక్యమున ఒకదానిపై నొకటి ఎట్లు పని చేయుచున్నవి అనునది. ఒక పదము మరియొక పదము చివరి అచ్చును మార్చును. ఈ ప్రభావమునకు అరబ్బీలో 'అమల్' అని పేరు. ప్రభావము చూపు పదము 'ఆమిల్', ప్రభావమునకు లోబడు పదము 'మామూల్'. ఈ మాటలు మనకు క్రొత్తవి కావు. చట్టము అమలు జరిగినదనునప్పుడు, మామూలు ప్రకారము అనునప్పుడు మన రైతులు పలుకుచున్నవి ఆ వ్యాకరణపు మాటలే. పారసీకము ద్వారమున, నవాబుల కచ్చేరీల ద్వారమున ఇవి తెలుగునకు వచ్చినవి.

అరబ్బీ పదనిర్మాణపు సొగసును కూడ ఈ మాటలే చూపగలవు. అమలు, మామూలు అను రెండింటను హల్లులు మూడే, అవి ఒక కంఠ్యధ్వని, మ, ల. వాని నడుమ అచ్చులు మారుటచే, ముందు ఒక 'మ' చేరుటచే అర్థము మారినది. తహసీలు, మహసూలు అను మాటలును ఇట్లే ఒక్క ధాతువు నుండి పుట్టినవి: మొదటిది రాబట్టుట, రెండవది రాబట్టబడినది. హుకుము, హాకిము అనునవి మరియొక జంట: ఆజ్ఞ, ఆజ్ఞ చేయువాడు. మూడు హల్లులు విత్తనము వంటివి. అచ్చుల పోత ఒక అచ్చుమూస వంటిది. మూస తెలిసినవానికి ఎన్నడును వినని పదము యొక్క అర్థము సైతము సగము తెలిసిపోవును. ఒకే మూసలో పోసిన పదములు ఒకే లయలో మ్రోగును గనుక అరబ్బీ వచనమునకు సైతము పద్యపు నడక అబ్బినది.

సీబవైహి గ్రంథము చివరి అధ్యాయములు ధ్వనులను గూర్చినవి. అరబ్బీ అక్షరములు 29 అనియు, అవి పుట్టు స్థానములు 16 అనియు అతడు నిర్ణయించెను. నాలుక ఏ భాగము ఏ పంటికి తగులునో, శ్వాస ఎచ్చట ఆగునో, ఎచ్చట జారునో ఏ పరికరము లేకయే వివరించెను. ఈ వివరణలలో 'దాద్' అను అక్షరమును గూర్చినది మిక్కిలి విలువైనది. ఆ ధ్వని నాలుక ప్రక్క అంచు దవడపండ్లకు తగులగా పుట్టునని అతడు వ్రాసెను. ఇట్టి ధ్వని తమ భాషకే సొంతమని అరబ్బులు గర్వించి అరబ్బీని దాద్ భాష యని పిలుచుకొనిరి. నేడు అరబ్బులలో అత్యధికులు దానిని అట్లు పలుకరు; బరువైన 'ద' వలె పలుకుదురు. వినబడకుండ పోయిన ఆ ధ్వని ఎట్లుండెడిదో తెలియుటకు ముఖ్యాధారము ఈ పారసీకుని వివరణ. ఆ అక్షరమును పారసీకులు పలుకలేక 'జ' వంటి ధ్వనిగా మార్చుకొనిరి. వారి నుండి మనకు వచ్చిన కాజీ, హాజరు, అర్జీ, రంజాను, జిల్లా అను మాటలలోని 'జ' అంతయు మూలమున ఆ దాద్ అక్షరమే. పారసీకపు మాటలు అరబ్బీలోనికి వచ్చునప్పుడు ఏ ధ్వని ఏ ధ్వనిగా మారునో చెప్పుటకు సీబవైహి ప్రత్యేకముగా ప్రకరణములు వ్రాసెను. ఆ విషయమున అతనికి ఎవ్వరిని అడుగవలసిన పని లేకపోయి యుండును.

వాక్యము వ్యాకరణమునకు సరిపడుట వేరు, నిజమగుట వేరు అని అతడు గ్రంథారంభముననే విడదీసెను. కొండను మోసితినని, సముద్రమును త్రాగితినని ఒకడు చెప్పినచో అది అబద్ధము గాని వాక్యమునకు దోషము లేదు. రేపు వచ్చితినని చెప్పినచో వాక్యమే తనలో తాను విరిగిపోవును. పదముల వరుస తారుమారైనచో వాక్యము వికృతమగును. మంచి నడవడి, చెడ్డ నడవడి అని మనుష్యులను గూర్చి చెప్పు మాటలనే అతడు వాక్యములకు వాడెను. సంభాషణను ఇరువురి నడుమ నడచు మర్యాదగా చూచుట అతని ప్రత్యేకత.

ఖలీలు క్రీ. శ. 790 ప్రాంతమున మరణించెను. అంగడివాడు లెక్కలో పనిపిల్లను మోసగింపజాలనట్టి సులభమైన గణితమును కనిపెట్టవలెనని ఆలోచించుచు మసీదులో నడచి, స్తంభమునకు తగిలి పడి, ఆ దెబ్బచే పోయెనని చెప్పుకొందురు.

సీబవైహి జీవితమున మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టము బాగ్దాదులో జరిగినది. అప్పుడు ఖలీఫా హారూన్ అల్ రషీదు. ఆయన మంత్రి యహ్యా బర్మకీ వంశీయుడు. ఈ వంశమువారి పూర్వులు బల్ఖు నగరమున బౌద్ధ విహారమునకు అధిపతులు. బర్మక్ అను పేరు మన ప్రముఖ శబ్దము నుండి వచ్చినదని పండితుల మతము. యహ్యా సభలో సీబవైహికిని, ఖలీఫా కుమారులకు గురువైన కిసాయీకిని వాదము ఏర్పాటైనది. కిసాయీ కూఫా నగరపు సంప్రదాయమువాడు. బస్రావారు నియమమునకు ప్రాధాన్యమిచ్చువారు. కూఫావారు ఎవ్వరేని అరబ్బు అట్లు పలికినట్లు విన్నచో దానిని అంగీకరించువారు. రెండు పక్షముల నడుమ మాత్సర్యము మెండు. కిసాయీ రాకముందే ఆయన శిష్యులు సీబవైహిని ప్రశ్నలతో వేధించి, చెప్పిన ప్రతి ఉత్తరమును తప్పని త్రోసివేసిరట.

కిసాయీ వేసిన ప్రశ్న తేలును, కందిరీగను గూర్చినది. కందిరీగ కాటు కంటె తేలు కాటు బాధాకరమని తలచుచుంటిని, తీరా చూడగా ఇది అదియే అను అర్థము గల వాక్యమది. చివరి సర్వనామము కర్తృరూపమున నుండవలెనా, కర్మరూపమున నుండవచ్చునా? మన భాషలో చెప్పవలెనన్నచో, ఇది అది అనవలెనా, ఇది దానిని అనవచ్చునా అనునట్టి ప్రశ్న. కర్తృరూపమే తగునని సీబవైహి చెప్పెను. రెండును తగునని కిసాయీ చెప్పెను. ఇరువురును రెండు నగరములకు పెద్దలు. వీరికి తీర్పరి యెవ్వరని మంత్రి చింతించెను. వాకిట ఎడారి అరబ్బులు వేచియున్నారు, భాష వారిది గనుక వారినే అడుగుడని కిసాయీ పలికెను. వారిని లోనికి పిలిచిరి. వారు కిసాయీ మాటయే సరియనిరి.

లంచము పుచ్చుకొనియే చెప్పిరని కొందరు, ఖలీఫా ఇంటి గురువును కాదనలేక చెప్పిరని కొందరు వ్రాసిరి. ఆ వాక్యమును వారి నోటనే పలికింపుమని, వారి నాలుక ఆ కర్మరూపమునకు తిరుగదని సీబవైహి మంత్రిని కోరెనని ఒక కథనము. వాదమున అతనికి మరియొక లోటును కలదు. అతని మాట తడబడెడిదట. కలమున ఉన్న పదును నాలుకకు లేదని అతనిని చూచినవారు చెప్పిరి. ఆ సభ కూర్పే విచిత్రమైనది. ఓడిన సీబవైహి పారసీకుడు, గెలిచిన కిసాయీ వంశము పారసీకము, సభాపతి బల్ఖువాడు. అరబ్బీ గుట్టును గూర్చి అరబ్బులు కానివారు పోరాడుచుండగా, అరబ్బులు వాకిట నిలిచియుండిరి. వారిని పిలిచినది ఒక్క మాట అనిపించుటకు మాత్రమే. అరబ్బుల పలుకే ప్రమాణమని నమ్మి, దానిని వినుటకే జీవితమును ధారవోసినవానికి ఆ పలుకే ఎదురు తిరుగుట కంటె మించిన దెబ్బ లేదు.

యహ్యా అతనికి 10,000 దిర్హములు ఇప్పించెను. వాటిని తీసికొని అతడు బస్రాకు మరలిపోలేదు; తన జన్మదేశమునకు సాగిపోయెను. కొలది కాలమునకే షీరాజులో మరణించెను. ఆ వ్యథచే చనిపోయెనని కొందరు, కడుపు జబ్బుచే అని కొందరు. 796 ప్రాంతమని పెక్కురు చెప్పు సంవత్సరము. వయస్సు 40 దాటలేదని పెక్కురు చెప్పుదురు. అవసానమున సోదరుని ఒడిలో తల యుంచుకొని యుండగా సోదరుని కన్నీటిబొట్టు అతని ముఖముపై పడెననియు, అప్పుడు సైతము అతడు ఒక పద్యము చదివెననియు చెప్పుదురు.

అతని గ్రంథము అసంపూర్ణముగా కాకున్నను అలంకరింపబడని స్థితిలో మిగిలెను. దానికి పేరు లేదు, పీఠిక లేదు, ముగింపు మాట లేదు. గ్రంథాలయమున అట్టి పుస్తకము చేరినచో పట్టికలో ఏమని వ్రాయవలెనో తోచదు. అతని సహచరుడు అఖ్ఫషు దానిని భద్రపరచి ఇతరులకు చదివి చెప్పెను. లోకులు దానిని 'కితాబు' అనిరి. కితాబనగా పుస్తకము, విశేషణము లేక పుస్తకమనినచో అదియే. 500లకు మించిన ప్రకరణములు, సుమారు 1,050 పద్యోదాహరణములు గల ఆ గ్రంథము సులభమైనది కాదు. దానిని చదువ వచ్చినవానిని, సముద్రమున ప్రయాణము చేసియుంటివా యని ముబర్రదు అను పండితుడు ముందుగా ప్రశ్నించెడివాడట.

గెలిచినవారి మాట యేమైనది? సభలో జయించిన కిసాయీ తరువాత అఖ్ఫషు కడ ఆ గ్రంథమును రహస్యముగా చదివెనని చెప్పుదురు. కిసాయీ శిష్యుడైన ఫర్రా, ఆనాడు సీబవైహిని వేధించినవారిలో ఒకడు, మరణించినప్పుడు అతని దిండు క్రింద ఆ గ్రంథము దొరకెనట. 9వ శతాబ్దపు మహారచయిత జాహిజు ఒక మంత్రికి కానుక ఈయదలచి, ఇంతకంటె గొప్ప వస్తువు తోచక దాని ప్రతినే ఇచ్చెను. కందిరీగ ప్రశ్నను తరువాతి వ్యాకరణకర్తలు శతాబ్దముల తరబడి తిరిగి విచారించిరి. పెక్కురు సీబవైహి చెప్పినదే సరియని తేల్చిరి.

మన భాషకు పరదేశీయుడైన బ్రౌను 1852లో నిఘంటువు కూర్చెను. అందుకు తెలుగువారు ఆయనను నేటికిని తలతురు. అయితే బ్రౌను ముఖ్యముగా తనవారు తెలుగు నేర్చుటకు శ్రమించెను. సీబవైహి అరబ్బులకే అరబ్బీని నేర్పవలసిన వాడయ్యెను. ఆ గ్రంథము 1881 మొదలు 1889 వరకు పారిస్ నగరమున డెరెన్‌బూర్గ్ అను విద్వాంసుని పరిష్కరణముతో తొలిసారి సంపూర్ణముగా అచ్చయినది. 1898 మొదలు 1900 వరకు కైరో వద్ద బూలాకు ముద్రణాలయమున అరబ్బుల నేలపై వెలువడెను.

షీరాజు పాతనగరమున అతని సమాధి కలదు. దానిపై నల్లని రాయి యొకటి యుండుటచే ఆ పేటకు సంగె సియా, అనగా నల్లరాయి, అను పేరు వచ్చినది. ఆ వీధులలో పిల్లలు ఆడుకొనుచు పలుకునది పారసీకమే.